లాంగ్‌జంప్‌లో దూరం ఎక్కడ పోతోంది? సమస్య - పరిష్కారం

"గాల్లో కాళ్లు ఆడించడం నేర్పండి సార్." కొత్తగా గ్రౌండ్‌కి వచ్చిన ప్రతి కుర్రాడూ ముందు అడిగేది ఇదే. టీవీలో కళ్లకు కట్టేది అదే మరి. కానీ కాలు బోర్డును, అంటే ఇసుకకి ముందు కాలు మోపి లేచే చెక్కను, వదిలిన క్షణానికే ఒంటి గరిమనాభి (ఒంటి బరువంతా కూడినట్టుండే బిందువు) ఏ దారిన పోవాలో తేలిపోతుంది. ఆపైన గాల్లో ఎన్ని విన్యాసాలు చేసినా ఆ దారి మారదు. అందుకే ఇసుకలో కనబడిన తప్పుకి కారణం ఇసుకలో వెతకొద్దు. రెండడుగులు వెనక్కి, ఒక్కోసారి ఇరవై అడుగులు వెనక్కి వెళ్లి చూడాలి.

సమస్య: వేగం ఉంది, ఎత్తు రావడం లేదు

బోర్డు మీంచి పరుగెత్తుకుంటూ పోయినట్టు ఉంటుంది. చూసేవాళ్లంతా "గట్టిగా తన్ను, పైకి లే" అని అరుస్తారు. ఆ సలహా పనికిరాదు. అగ్రశ్రేణి జంపర్ కాలు బోర్డు మీద ఉండేది సుమారు 0.12 సెకను. 240 ఫ్రేముల స్లో మోషన్‌లో తీస్తే ఆ మొత్తం వ్యవహారం 29 ఫ్రేముల్లో ముగిసిపోతుంది. అంతలో ఆలోచించి తన్నడం ఎవరి వల్లా కాదు.

కారణం చివరి నుంచి రెండో అడుగులో ఉంటుంది. కోచ్‌లు దీన్నే పెనల్టిమేట్ అంటారు. మంచి జంపర్ ఈ అడుగును కాస్త పొడుగ్గా వేసి నడుమును కొద్దిగా దించుతాడు. చివరి అడుగు దానికన్నా పొట్టిగా, చురుగ్గా పడుతుంది. నడుము మళ్లీ లేవకముందే టేకాఫ్ కాలు, అంటే ఎగరడానికి బోర్డు మీద మోపే కాలు, ఒంటికి కొంచెం ముందు, దాదాపు నిటారుగా నేలను తాకుతుంది. పిల్లకాలువ దాటేవాడు పరుగున వచ్చి కర్రను ముందుకు గుచ్చితే ఏమవుతుంది? ఒళ్లు కర్ర మీదుగా పైకి లేస్తుంది. టేకాఫ్ కాలు చేసే పని అదే. పైకి వచ్చే వేగంలో సగానికి పైగా మోకాలు వంగుతున్న దశలోనే, అంటే కాలు తిరిగి చాచుకోవడం మొదలుకాకముందే వచ్చేస్తుంది. కర్ర మెత్తగా ఉంటే లాభం లేదు. నడుము దిగకపోతే గుచ్చడానికి కోణమే దొరకదు.

ఇంటర్‌లో ఫిజిక్స్ చదివినవాళ్లు ఇక్కడ ఒక ప్రశ్న వేస్తారు: ఎక్కువ దూరానికి 45 డిగ్రీలు కదా? విసిరే వేగం ఏ కోణంలోనైనా ఒకటే అయితే నిజమే. మనిషికి అలా కుదరదు. సెకనుకు 10, 11 మీటర్ల వేగంతో పరుగెత్తగలడు కానీ, ఆ ఒక్క కాలి తాకిడితో పైకి తెచ్చుకోగలిగేది సెకనుకు మూడున్నర మీటర్లు, అటూ ఇటూగా. 45 డిగ్రీలు కావాలంటే పరుగును కూడా మూడున్నరకు తగ్గించుకోవాలి. అప్పుడు ఇంటి ముందు కాలువ కూడా దాటలేం.

1991 ఆగస్టు 30న టోక్యోలో ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మైక్ పావెల్ 8.95 మీ., కార్ల్ లూయిస్ 8.91 మీ. దూకారు. ఇద్దరూ సెకనుకు సుమారు 11 మీటర్ల వేగంతోనే బోర్డు దగ్గరికి వచ్చారు. లేచిన కోణం మాత్రం లూయిస్‌ది 18 డిగ్రీల దగ్గర, పావెల్‌ది 23 దగ్గర. కోణాలే కాదు, ఎంచుకున్న దారులూ వేరు. లూయిస్ వేగాన్ని కాపాడుకున్నాడు, పావెల్ కొంత వేగం ఖర్చుపెట్టి ఎత్తు కొన్నాడు. పావెల్ రికార్డు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. లూయిస్ దూకుడుకి వెనక గాలి సెకనుకు 2.9 మీటర్లు ఉంది. రికార్డుకి అది 2.0 దాటకూడదు.

చేయాల్సింది: ఆరెనిమిది అడుగుల పొట్టి రన్నప్‌తో మొదలుపెట్టండి. చివరి రెండు అడుగులకు నేల మీద టేపు గుర్తులు పెట్టి, చివరి అడుగు దాని ముందు అడుగుకన్నా ఒక జానెడు పొట్టిగా పడేలా చూడండి. పెనల్టిమేట్ అడుగు పాదమంతా నేలకి ఆనాలి, మునివేళ్ల మీద కాదు. నేనైతే కళ్లు మూసుకుని వింటాను. సరిగ్గా పడితే "దబ్... టక్‌టక్" అని వినిపిస్తుంది. చివర్లో "దబ్, దబ్, దబ్" అని ఒకే తాళంలో వస్తే నడుము దిగలేదన్నమాటే. చూడక్కర్లేదు.

సమస్య: ఎత్తు లేస్తున్నాడు, ఇసుకలో దగ్గరగానే పడుతున్నాడు

పై సలహాను అతిగా పాటించిన ఫలితం ఇది. కాలు మరీ ముందుకు చాచి మడమతో గుచ్చితే అది బ్రేకే. టేకాఫ్‌లో కొంత వేగం పోక తప్పదు, గొప్పవాళ్లకి కూడా సెకనుకు ఒకటి, ఒకటిన్నర మీటర్లు పోతుంది. లెక్క వేసి చూడండి. గాల్లో ఉండేది 0.8 సెకను అనుకుందాం. అనవసరంగా ఇంకో అర మీటరు వేగం పోతే 40 సెం.మీ. దూరం పోయినట్టే. పైగా మడమ వాచిపోతుంది, వారం పాటు కుంటాలి. పాదాన్ని చాచి ఆపొద్దు, కిందికీ వెనక్కీ గుంజుతున్నట్టు చురుగ్గా దించాలి. పాదమంతా ఒకేసారి ఆనాలి.

సమస్య: ఫౌల్ (బోర్డు దాటి కాలు పెట్టడం), లేదంటే బోర్డుకి అడుగు ముందే టేకాఫ్

బోర్డు వెడల్పు 20 సెం.మీ. దూరం కొలిచేది కాలు వదిలిన చోటు నుంచి కాదు, బోర్డులో ఇసుక వైపు అంచు నుంచి. 15 సెం.మీ. ముందే లేస్తే ఆ 15 సెం.మీ. దానం చేసినట్టే. 2022 కామన్వెల్త్ క్రీడల్లో మన శ్రీశంకర్, బహమాస్‌కు చెందిన లక్వాన్ నెయిర్న్ ఇద్దరూ 8.08 మీటర్లే దూకారు. రెండో అత్యుత్తమ దూకుడు చూసి స్వర్ణం నెయిర్న్‌కి ఇచ్చారు. వేలెడంత జాగా విలువ ఇది.

కుర్రాళ్లు తప్పు బోర్డు దగ్గర జరిగిందనుకుంటారు. అసలు తప్పు మొదటి నాలుగు అడుగుల్లోనే జరుగుతుంది. ఇరవై అడుగుల రన్నప్‌లో అడుగుకి రెండు సెంటీమీటర్లు తేడా వస్తే చివరికి 40 సెం.మీ. మంచి జంపర్లు చివరి నాలుగైదు అడుగుల్లో బోర్డును కంటితో అంచనా వేసుకుంటూ ఆ తేడాను సరిచేసుకుంటారు. తేడా చిన్నదైతే సర్దుకుంటుంది. పెద్దదైతే అడుగు సాగదీయాలి, లేదా తుంచుకోవాలి. రెండింటిలోనూ ఇందాక కష్టపడి నేర్పిన పెనల్టిమేట్ మట్టికొట్టుకుపోతుంది.

బోర్డుకి ఆరు అంగల ముందు కాలు పడే చోట నేల మీద ఒక గుర్తు (చెక్ మార్క్) పెట్టి, కోచ్ అక్కడ నిలబడాలి, బోర్డు దగ్గర కాదు. అక్కడికే తేడాగా వస్తే మొదలుపెట్టే తీరు చూడండి. నడుచుకుంటూ వచ్చి పరుగందుకునేవాళ్లకి తేడా ఎక్కువ, నిలబడి మొదలుపెడితే తగ్గుతుంది. చెక్ మార్క్ సరిగ్గా పడి బోర్డు తప్పితే అప్పుడు చివరి అడుగులు చూడండి. వెనక గాలి ఉన్న రోజు అడుగులు సాగుతాయి, మొదలుపెట్టే చోటును ఒక పాదం వెనక్కి జరపండి. ఎదురుగాలైతే ముందుకి.

సమస్య: గాల్లో ముందుకి తూలిపోవడం, కాళ్లు ముందే దిగిపోవడం

ఇక్కడికొచ్చాకే కాళ్లు ఆడించే సంగతి. బోర్డు మీద కాలు ఆగి ఒళ్లు ముందుకు పోతుంది కాబట్టి కొంత ముందుకు తిరిగే గుణం ప్రతి దూకుడులోనూ ఉంటుంది. హిచ్‌కిక్‌లో చేతులూ కాళ్లూ గాల్లో పరుగెత్తినట్టు తిప్పడం దాన్ని సర్దుకోవడానికే, అదనపు దూరం కోసం కాదు. హ్యాంగ్ అనే ఇంకో పద్ధతిలో ఒళ్లు చాచడమూ అందుకే. ఆరు మీటర్లు దూకేవాడికి హిచ్‌కిక్ పూర్తి చేసే టైమే ఉండదు. హ్యాంగ్ చాలు. కానీ ముక్కు కిందికి పెట్టి బోర్డును చూస్తూ లేచినవాడిని ఏ కిక్కూ కాపాడదు. చెక్ మార్క్ మీద నమ్మకం కుదిరితే తల దానంతట అదే లేస్తుంది. చూపు ఇసుక అవతలి గట్టు మీద ఉండాలి.

సమస్య: ఇసుకలో పాదాల గుర్తు వెనక ఇంకో గుంట

అది పిరుదులదో, చేతిదో. కొలత బోర్డుకి దగ్గరగా ఉన్న గుర్తు నుంచే. మడమలు తాకగానే మోకాళ్లు వదిలేసి, నడుమును పాదాల మీదుగానో పక్కకో జారనివ్వాలి. మా కుర్రాడొకడికి రెండు నెలలు చెయ్యే వెనక పడేది. ఆ చేతి గుంటకీ మడమ గుంటకీ మధ్య టేపు పెట్టి కొలిచి చూపించాను: 31 సెం.మీ. మర్నాటి నుంచి చెయ్యి ముందుకొచ్చింది.