మటన్ అంగడికి లైసెన్సు: తిరుపతి, చిత్తూరులో దరఖాస్తు విధానం

మటన్ అంగడి పెట్టాలనుకునేవాళ్లు మొదట అడిగేది "లైసెన్సు ఎక్కడిస్తారు?" అని. నిజానికి అవసరమయ్యేవి మూడు రకాల కాగితాలు. కోసే మనిషికి ఒకటి, అమ్మే అంగడికి ఒకటి, కోయబోయే ప్రతి జీవానికీ డాక్టరు సర్టిఫికెట్ ఒకటి. మొదటి రెండూ తెచ్చుకుని ఫ్రేము కట్టించి గోడకు తగిలించేవాళ్లు కూడా మూడోదాన్ని పట్టించుకోరు. చట్టం పట్టుబట్టేది మాత్రం ఎక్కువగా ఆ మూడోదాని గురించే. అందుకే ఇక్కడా దానికే ఎక్కువ చోటిస్తున్నాను.

ఇదంతా గొర్రెలు, మేకల గురించే. ఆవుల్ని, దూడల్ని కోయడం మన రాష్ట్రంలో 1977 చట్టం ప్రకారం నిషేధం. ఎద్దులు, బర్రెల దారి వేరు, వాటి సర్టిఫికెట్లూ వేరు.

ముందుగా, ఎక్కడ కోస్తారో తేల్చుకోండి

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 2001లో వధశాలల నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పట్టణ పరిధిలో అధికారులు గుర్తించిన, లేదా లైసెన్సు ఇచ్చిన వధశాలలో తప్ప ఇంకెక్కడా కోయకూడదు. తిరుపతి 2007 నుంచి, చిత్తూరు 2012 నుంచి కార్పొరేషన్లే కాబట్టి రెండు ఊళ్లకూ ఇది వర్తిస్తుంది. అంగడి వెనక సందులో కోసి ముందర వేలాడదీస్తామంటే దరఖాస్తు నిలవదు. "మా తాత కాలం నుంచి ఇక్కడే కోస్తున్నాం" అన్నది రుజువు కిందికి రాదు. కాబట్టి అద్దె ఒప్పందం రాసుకోకముందే, మీ వార్డుకు దగ్గర్లో కార్పొరేషన్ గుర్తించిన వధశాల ఎక్కడుందో, అక్కడ మీకు వీలు కుదురుతుందో లేదో కనుక్కోండి. అడ్వాన్సు ఇచ్చాక కనుక్కుంటే ఆ డబ్బు ఇరుక్కుపోతుంది.

కోసే మనిషి లైసెన్సు

వధశాలలో కోసే ప్రతి మనిషికీ స్థానిక సంస్థ ఇచ్చిన లైసెన్సో, అనుమతి పత్రమో ఉండాలి. వయసు 18 నిండాలి, అంటువ్యాధులు ఉండకూడదు. దరఖాస్తు కమిషనర్ పేరున రాసి ప్రజారోగ్య విభాగంలో ఇవ్వండి. ముందు వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని కలిస్తే ఏ ఫారమో, ఏ కౌంటరో తెలిసి ఒక తిరుగుడు తప్పుతుంది. ఆధార్, వయసు రుజువు, ఫొటోలు, మెడికల్ సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి. మెడికల్ సర్టిఫికెట్ మీద డాక్టరు సంతకంతోపాటు సీలు, రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. ఇంట్లో చదువు మానేసిన పిల్లవాడు చేతికి సాయంగా ఉంటాడని కత్తి ఇచ్చే అలవాటు చాలాచోట్ల ఉంది. 18 లోపు పిల్లలతో కోయించడం నేరుగా నిబంధన ఉల్లంఘనే.

అంగడి కాగితం

మాంసం ఆహారం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు కావాలి. ఆ సంస్థ వెబ్‌సైటు ఫోస్కోస్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. అందరూ పొరపడేది వ్యాపారం రకం ఎంచుకునే దగ్గర. వేరేచోట కోసిన మాంసం తెచ్చి అమ్మేవాళ్లు చిల్లర అమ్మకం కిందికి వస్తారు. వధశాలే నడిపేవాళ్లకు రోజుకు ఎన్ని కోస్తారన్నదాన్ని బట్టి ఉంటుంది. 10 చిన్న జీవాల దాకా అయితే రిజిస్ట్రేషన్ చాలు, 150 దాకా రాష్ట్ర లైసెన్సు, అంతకు మించితే కేంద్ర లైసెన్సు. రిజిస్ట్రేషన్‌కు ఫారం-ఎ, లైసెన్సుకు ఫారం-బి. ఫారం-బి వేసేవాళ్లకు నీటి పరీక్ష రిపోర్టు, కట్టడం ప్లాను, స్థానిక సంస్థ నిరభ్యంతర పత్రం లాంటివి అదనం. వీటిలో నిరభ్యంతర పత్రమే ఆలస్యమవుతుంది, ముందు దానికి పెట్టుకోండి. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సు మామూలు దుకాణాలకు తీసుకున్నట్టే.

జీవానికి సర్టిఫికెట్

కోయడానికి ముందు పశువైద్యుడు ఒక్కో జీవాన్నీ చూసి, కోయడానికి తగినదని రాసివ్వాలి. చూడి మేకకు, గొర్రెకు ఇవ్వరు. మూడు నెలల లోపు పిల్ల ఉన్న తల్లికీ, మూడు నెలల లోపు వయసున్న పిల్లకూ ఇవ్వరు. ఒక డాక్టరు గంటకు 12, రోజుకు 96 జీవాలకు మించి చూడకూడదని నిబంధనలో అంకెలతో సహా ఉంది. మంద మొత్తాన్ని దూరం నుంచి ఓసారి చూసి కట్టలు కట్టలుగా సంతకాలు పెట్టకూడదనే ఈ లెక్క.

పరీక్ష అయ్యాక 24 గంటల విశ్రాంతి. ఇక్కడే ఆదివారం లెక్క తప్పుతుంది. ఆదివారం తెల్లారి 5 గంటలకు కోయాలంటే శనివారం 5 గంటలలోపు డాక్టరు చూసి ఉండాలి, అంటే శుక్రవారం సాయంత్రానికే జీవాలు దిగాలి. శనివారం సాయంత్రం సంత నుంచి లారీ దించి, రాత్రికి రాత్రి సర్టిఫికెట్ అడిగితే నిజాయితీగా పనిచేసే డాక్టరు ఇవ్వడు. మే నెలలో గంగమ్మ జాతర వారంలో ఈ తొందర ఇంకా ఎక్కువ. అప్పటికి రెండు మూడు రోజుల ముందే మాట్లాడి పెట్టుకోవడం మేలు.

విశ్రాంతి తీసుకునే దొడ్డిలో ఒక్కో చిన్న జీవానికి కనీసం 1.6 చదరపు మీటర్లు ఉండాలి. మన లెక్కలో సుమారు 17 చదరపు అడుగులు, అంటే 20 జీవాలకు 340 పైచిలుకు. నేల జారకూడదు, పైన నీడ ఉండాలి, జబ్బు అనుమానం ఉన్నవాటికి వేరే గది ఉండాలి. తనిఖీకి వచ్చినవాళ్లు టేపు తీసి కొలిచేది ఈ దొడ్డినే.

రవాణాకూ నిబంధనలున్నాయి. నాలుగున్నర, ఐదు టన్నుల లారీలో 40కి మించి గొర్రెలు, మేకలు ఎక్కించకూడదు. మరి చిన్న ట్రాలీ ఆటోలో ఎన్ని పడతాయో మీరే ఊహించుకోండి. కింద కనీసం 5 సెంటీమీటర్ల మందాన గడ్డి పరవాలి. గొర్రెల్ని, మేకల్ని కలపకూడదు, కలపక తప్పకపోతే మధ్యలో అడ్డు పెట్టాలి. ప్రయాణానికి తగినవని డాక్టరు రాసిచ్చిన కాగితం బండిలోనే ఉండాలి.

ఇక కోసే చోట, ఒక జీవాన్ని కోస్తుంటే ఇంకోటి చూడకూడదు. అడ్డుగోడ కట్టడానికి పెద్ద ఖర్చు కాదు, అయినా ఎక్కువమంది కట్టనిది అదే. స్పృహ తప్పించడానికి, రక్తం కారడానికి, తోలు తీయడానికి విడివిడిగా చోటుండాలి. స్పృహ పూర్తిగా పోయిందని తేలకుండా తోలు మీద కత్తి పెట్టకూడదు. శ్వాస ఆగిందా, కంటిని తాకితే రెప్ప కదులుతోందా అన్నది చూసుకోవాలి. పదును పోయిన కత్తితో నాలుగుసార్లు కోయడం కంటే క్రూరమైనది లేదు. ఆకురాయి పట్టడం రోజూ మొదటి పని కావాలి.

హలాల్ చేసేవాళ్లకు ఇవన్నీ వర్తిస్తాయా అని అడుగుతుంటారు. మతం కోరే పద్ధతిలో కోయడం నేరం కాదని 1960 చట్టం 28వ సెక్షన్ చెబుతుంది. ఆ మినహాయింపు కోసే పద్ధతికి. డాక్టరు పరీక్ష, విశ్రాంతి, కనబడకుండా అడ్డు, మనిషి లైసెన్సు అందరికీ ఒకటే. గుడి ఆవరణలో బలి ఇవ్వడం వేరే సంగతి, దానికి 1950 నాటి నిషేధ చట్టమే ఉంది.

ఇదంతా జీవం మీద జాలితోనే కాదు, వ్యాపారానికీ లాభమే. భయంతో, దాహంతో అలిసిన జీవం కండరాల్లో నిల్వ ఉండే చక్కెర, అంటే గ్లైకోజెన్, అయిపోతుంది. కోశాక లాక్టిక్ ఆమ్లం సరిపడా తయారవదు, మాంసం పీహెచ్ (ఆమ్ల గుణం కొలత) 5.5 దగ్గరికి దిగదు. అలాంటి మాంసం నల్లగా, గట్టిగా ఉండి తొందరగా వాసన వేస్తుంది. "ఈరోజు ముక్క బాలేదు" అని సాయంత్రం తిరిగొచ్చే మాటకు కారణం కొన్నిసార్లు రాత్రి లారీలోనే ఉంటుంది.

తనిఖీ, ఫిర్యాదు

జంతు సంక్షేమ బోర్డు పంపినవాళ్లు పని వేళల్లో ముందస్తు నోటీసు లేకుండా వధశాలలోకి రావచ్చు. ఉల్లంఘన చూసినవాళ్లు జిల్లా జంతు హింస నివారణ సంఘానికో, పోలీస్ స్టేషన్‌కో, కార్పొరేషన్‌కో రాసివ్వొచ్చు. తేదీ, సమయం, బండి నంబరు, ఫొటో ఉంటే కాగితం కదులుతుంది. 1960 చట్టం 11వ సెక్షన్‌లో మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలే, అర కిలో మటన్ కూడా రాదు. అందుకే లైసెన్సు రద్దు కోసం కూడా అదే ఫిర్యాదులో అడగడం మంచిది.

పనివాడు మారితే కొత్తవాడి పేరున మళ్లీ దరఖాస్తు పెట్టాలి. పాత లైసెన్సు మీద పేరు కొట్టేసి రాసుకుంటే చెల్లదు.