ఇన్‌స్టాల్ చేసిన పాండాస్ పైథాన్‌కు దొరకట్లేదా? ఇలా సరిచేయండి

పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే పిప్‌తో, డేటా పనులకు వాడే పాండాస్ లైబ్రరీని ఎక్కించారు, 'సక్సెస్‌ఫుల్లీ ఇన్‌స్టాల్డ్' అని కూడా వచ్చింది. ప్రోగ్రామ్ రన్ చేస్తే మాత్రం 'నో మాడ్యూల్ నేమ్డ్ పాండాస్' అంటోంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేసి లాభం లేదు. చాలామంది సిస్టమ్‌లలో రెండు మూడు పైథాన్‌లు ఉంటాయి: సైట్ నుంచి దించుకున్నదొకటి, మైక్రోసాఫ్ట్ స్టోర్‌దొకటి, అనకొండతో వచ్చిందొకటి. ప్యాకేజీలు చేరే సైట్-ప్యాకేజెస్ ఫోల్డర్ దేనిది దానిదే. పిప్ ఒకదాంట్లో పెడుతుంది, ప్రోగ్రామ్ ఇంకోదాంట్లో వెతుకుతుంది.

ముందుగా, ఎర్రర్ వచ్చే ఫైల్లోనే, ఆ ఇంపోర్ట్ లైనుకు పైన, సిస్‌ను ఇంపోర్ట్ చేసి సిస్.ఎగ్జిక్యూటబుల్‌ను ప్రింట్ చేయండి. ఆ ఫైల్‌ను నడిపే పైథాన్ ఎక్కడుందో, అంటే దాని పాత్, కనిపిస్తుంది. ఆ ఫైల్లోనే ఎందుకంటే, ఎడిటర్ నడిపే పైథాన్, టెర్మినల్లో నడిచే పైథాన్ ఒకటే కావాలని లేదు. అసలు తికమక ఎక్కువగా ఇక్కడే.

తర్వాత టెర్మినల్లో 'పిప్ --వెర్షన్' కొట్టండి. ఆ పిప్ ఏ ఫోల్డర్‌లో ఉందో, ఏ పైథాన్‌దో ఒక్క లైనులో తెలుస్తుంది. రెండు పాత్‌లూ వేర్వేరు పైథాన్‌లవైతే దొంగ దొరికినట్టే. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో 'వేర్ పైథాన్', లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ 'విచ్ -ఏ పైథాన్3' కొడితే సిస్టమ్ పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్లలో) ఉన్న పైథాన్‌లన్నీ వరసగా వస్తాయి.

ఇక ఉత్త 'పిప్' వాడటం మానేయండి. 'పైథాన్ -ఎం పిప్ ఇన్‌స్టాల్ పాండాస్' అని కొట్టండి. 'పైథాన్' అన్నచోట ఇందాక ప్రింటైన పూర్తి పాత్ పెడితే ప్యాకేజీ కచ్చితంగా ఆ పైథాన్‌లోకే వెళ్తుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో అయితే సెల్‌లోనే '%పిప్ ఇన్‌స్టాల్ పాండాస్'.

నా మటుకు ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (వెన్వ్), అంటే తన ప్యాకేజీలు తనకే ఉండే వేరే పైథాన్ ఫోల్డర్, ఉండాల్సిందే. ప్రాజెక్టు ఫోల్డర్‌లో 'పైథాన్ -ఎం వెన్వ్ .వెన్వ్' కొట్టి, దాన్ని యాక్టివేట్ చేసి, ప్యాకేజీలన్నీ అందులోనే పెట్టుకోండి. వీఎస్ కోడ్‌లో 'పైథాన్: సెలెక్ట్ ఇంటర్‌ప్రెటర్'కి వెళ్లి దాన్నే ఎంచుకోవడం మరవద్దు.

ఉబుంటులో మాత్రం గొడవ వదిలించుకుందామని సిస్టమ్ పైథాన్‌ను తీసేయకండి, దానిమీద ఆధారపడిన టూల్స్ చాలా ఆగిపోతాయి. 23.04 నుంచి అక్కడ నేరుగా పిప్ వాడితే 'ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్ ఎన్విరాన్‌మెంట్' అని అడ్డుకుంటుంది. దాన్ని దాటే ఆప్షన్ ఉంది కానీ వాడకండి, వెన్వ్ చేసుకోండి.

పాత్‌లు కలిసినా మాడ్యూల్ దొరకలేదంటే పేరు చూడండి, కొన్నిటికి ఇన్‌స్టాల్ పేరు, ఇంపోర్ట్ పేరు వేరు. ఉదాహరణకు, ఇన్‌స్టాల్ చేసేది 'ఓపెన్‌సీవీ-పైథాన్', ఇంపోర్ట్ చేయాల్సింది 'సీవీ2'. మాడ్యూల్ దొరికి అందులో ఫంక్షన్ లేదంటే, మీ ఫోల్డర్‌లో 'పాండాస్.పై' అనే మీ సొంత ఫైల్ ఉందేమో చూసి పేరు మార్చండి.