ఊరి అడవి మీద సామూహిక హక్కు: ఫారం-సి ఎలా వేయాలి?

ఫారం-సి అంటే, 2006 అటవీ హక్కుల చట్టం కింద ఊరి అడవి మీద గ్రామసభ హక్కు కోరే దరఖాస్తు. సులువైన పనులు ముందు ముగించండి. పంచాయతీ సభ కాదు, మీ గూడెం వరకే గ్రామసభ పెట్టండి. సగం మందైనా రావాలి. పది నుంచి పదిహేను మందితో అటవీ హక్కుల కమిటీ వేయండి. అందులో మూడింట రెండొంతులు గిరిజనులు, కనీసం మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఒక రిజిస్టరు, పెన్ను, పెద్ద డ్రాయింగ్ షీటు చాలు.

ఇక మ్యాపు గీయడానికి పొలిమేర నడక. దరఖాస్తులు చెడిపోయేది ఇక్కడే. ఒక గూడెంలో ఎవరో ఆఫీసులో కూర్చుని శాటిలైట్ ఫొటో మీద గీత గీసి ఇచ్చారు. పక్క గూడెం వాళ్లు తరతరాలుగా ఏరుకునే చింతతోపు ఆ గీత లోపల పడింది. రెండు ఊళ్లూ మాటలు మానేశాయి, కాగితాలు ఆగిపోయాయి. శాటిలైట్ ఫొటో అదనపు ఆధారమే, మిగతా ఆధారాలకు బదులు కాదని 2012లో సవరించిన నిబంధనలే చెబుతున్నాయి.

నడక మాఘంలోనే పెట్టుకోండి. ఆకు రాలాక వాగులు, గట్లు, పాత బాటలు బయటపడతాయి. ముందు ముసలమ్మలను నడవనివ్వండి. అడ్డాకులు ఎక్కడ కోస్తారో, దుంపలు ఎక్కడ తవ్వుతారో, పశువులు ఎంతదాకా వెళ్తాయో వాళ్లకు తెలిసినట్టు కుర్రాళ్లకు తెలియదు. వాళ్లు చెప్పింది అక్కడికక్కడే రాసి వేలిముద్ర వేయించండి. పెద్దల వాంగ్మూలం చట్టం ఒప్పుకునే ఆధారం. కనీసం రెండు ఆధారాలు జతచేయాలి.

పక్క ఊరి పెద్దలు లేకుండా సరిహద్దు దగ్గర అడుగు వేయొద్దు. ఉమ్మడిగా వాడుకునే చోటు వస్తే రెండు కమిటీలూ కలిసి కూర్చుని, తేల్చుకున్నది రాతలో పెట్టాలి. ఫారం-సిలో సరిహద్దు గ్రామాల వివరాలకు చోటు ఉన్నది అందుకే. అటవీ శాఖకు ముందే రాతపూర్వకంగా కబురు పెట్టి, నకలు దాచుకోండి.

‘మాకు వీఎస్‌ఎస్ (అటవీ శాఖతో కలిసి నడిచే వన సంరక్షణ సమితి) ఉంది కదా, ఇదంతా ఎందుకు?’ అని అడుగుతారు. 1992లో మొదలైన ఆ పద్ధతిలో ఊరికి వచ్చేది శాఖ ఇచ్చే వాటా. 2006 చట్టం అడవిని కాపాడే, నిర్వహించే అధికారాన్నే గ్రామసభకు ఇస్తుంది. మహారాష్ట్రలో మెండా లేఖా అనే ఊరు ఆ హక్కుతోనే తన వెదురును తానే అమ్ముకుంది.

మ్యాపు, వాంగ్మూలాలు సభలో చదివి, తీర్మానం చేసి, సబ్‌డివిజన్ కమిటీకి ఇవ్వండి. తేదీ వేసిన రసీదు చేతికి వచ్చేదాకా అక్కడి నుంచి కదలొద్దు.