రెగ్యులేటర్ దగ్గర గ్యాస్ లీకు: సబ్బు నురగతో పట్టుకున్నాం

పర్లాకిమిడిలో మా వంటింట్లో పొయ్యి కట్టేసినా సన్నగా వాసన వచ్చేది. ముందు రెగ్యులేటర్ కట్టేసి తలుపులన్నీ తీశాం, స్విచ్‌లు ముట్టుకోలేదు. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేలబారునే పేరుకుంటుంది. పై కిటికీ ఒక్కటీ తెరిస్తే చాలదు, వాకిలి తలుపూ తీయాలి.

వాసన పూర్తిగా పోయాక, బర్నర్ నాబ్‌లు కట్టే ఉంచి రెగ్యులేటర్ ఆన్ చేశాం. గ్లాసుడు నీళ్లలో చెంచాడు గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, రెగ్యులేటర్ చుట్టూ, పైపు రెండు కొసలకీ, నాబ్‌ల మొదళ్లకీ బ్రష్‌తో పూశాం. అగ్గిపుల్ల గీసి వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకో దండం.

పైపు బాగానే ఉంది. రెగ్యులేటర్ అంచున మాత్రం ఆవగింజంత బుడగలు, తుడిస్తే మళ్లీ అక్కడే. ఆఫ్ చేయగానే ఆగిపోయాయి. అంటే సిలిండర్ వాల్వు పిన్ను మంచిదే, దాని పైనున్న రబ్బరు రింగు పోయింది. విప్పి చూస్తే రింగు ఒక పక్క చిట్లి ఉంది. పిన్నీసుతో పెకలించకుండా ఏజెన్సీ మెకానిక్‌తోనే కొత్తది వేయించి, మళ్లీ నురగ పూసి చూశాం.

ఆఫ్‌లోనూ బుడగలొస్తే తప్పు వాల్వుదే. రెగ్యులేటర్ తీసి సిలిండర్ మూత బిగించి, దాన్ని ఆరుబయట పెట్టి గ్యాస్ లీకు హెల్ప్‌లైన్ 1906కి ఫోన్ చేయాలి.