సైకిల్ వెనకాలే ఎగిరే డ్రోన్‌తో మన రైడ్ మనమే ఎలా షూట్ చేసుకోవాలి?

ఆదివారం పొద్దున్నే హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు సైకిళ్ళేసుకుని పోయేవాళ్ళందరిదీ ఒకటే బాధ. అంత మంచి రోడ్డు, అంత మంచి ఎండ, తీరా ఇంటికొచ్చి చూసుకుంటే ఫోటోలన్నీ టీ కొట్టు దగ్గర సైకిల్ గోడకి ఆనించి తీసినవే. హెల్మెట్ కెమెరా పెడితే మన హ్యాండిల్ బారూ ముందు పోయేవాడి వీపూ తప్ప ఏం కనపడదు. అందుకే చాలామంది ఈ ఫాలో డ్రోన్ల మీద పడుతున్నారు, అంటే మనిషిని కెమెరాతో గుర్తుపట్టి రిమోట్ ముట్టుకోకుండానే తనంతట తనే వెనకాల ఎగురుతూ వచ్చేవి. నేను నాలుగైదేళ్ళుగా వాడుతున్నా, ఒకసారి తీగకి తగిలించా, ఒకసారి ఎవరో తెలియని మనిషి వెనకాల పంపించా, ఆ అనుభవంతోనే రాస్తున్నా.

మోటార్ బైక్ మీద షూట్ చేద్దామనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, ఇది సైకిల్ గురించి. మోటార్ బైక్ స్పీడుని ఈ డ్రోన్లు అందుకోలేవు.

ముందు స్పీడు చూడండి, తర్వాతే కెమెరా

డ్రోన్ కొనేటప్పుడు అందరూ 4కె ఉందా లేదా అని చూస్తారు, అసలు చూడాల్సింది ఎంత స్పీడులో వెంటపడగలదు అని. డీజేఐ నియో 135 గ్రాములే, చేతిలోంచి ఎగురుతుంది, కానీ దాని స్పోర్ట్ మోడ్ స్పీడు సెకనుకి 8 మీటర్లు, అంటే గంటకి దాదాపు 29 కి.మీ. మట్టి రోడ్డు మీద తొక్కేవాళ్ళకి సరిపోతుంది గానీ దిగుడులో మనం 40 దాటేస్తాం, అది వెనకబడిపోతుంది. పైగా దానికి అడ్డం వచ్చినవాటిని చూసి తప్పుకునే సెన్సర్లు లేవు. హోవర్ ఎయిర్ ఎక్స్1 ప్రో గంటకి 42 కి.మీ. దాకా వస్తుంది. డీజేఐ మినీ 4 ప్రో 249 గ్రాముల లోపే ఉండి అన్ని వైపులా చూస్తుంది, రేటు కూడా ఆ లెక్కనే ఉంటుంది. వీటన్నిటికంటే తెలివైనది అని నాకనిపించేది స్కైడియో 2, 2019లో వచ్చింది, ఆరు కెమెరాలతో చుట్టూ చూసుకుంటూ గంటకి 58 కి.మీ. దాకా చెట్ల మధ్యలోంచి దూరిపోయేది, కానీ ఆ కంపెనీ 2023లో మామూలు జనాలకి అమ్మడం ఆపేసింది.

ఇంకో మాట, అమెరికా నుంచి బావగారొస్తున్నారు, తెప్పించుకుందాం అనుకునేవాళ్ళు ఆగండి. 2022 ఫిబ్రవరి 9 నుంచి బయట తయారైన రెడీమేడ్ డ్రోన్ల దిగుమతి మన దేశంలో నిషేధం, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ వాళ్ళు పట్టుకుంటే పాపం ఆయన ఇరుక్కుంటారు.

రూల్స్ సంగతి, ఐదు నిమిషాల పని

2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపు నానో, అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. నానోకీ, వ్యాపారానికి కాకుండా సరదాకి వాడే మైక్రోకీ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, కానీ రిజిస్టర్ చేసి యూఐఎన్ అనే గుర్తింపు నంబరు తీసుకోవాలి, నానో కాకపోతే థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ కూడా ఉండాలి. ఎగరేసే ముందు డిజిటల్ స్కై అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మ్యాప్ చూడండి. గ్రీన్ జోన్‌లో 400 అడుగుల దాకా పర్మిషన్ లేకుండా ఎగరొచ్చు, ఎయిర్‌పోర్టు గోడ నుంచి 8-12 కి.మీ. దూరంలో అయితే 200 అడుగులే. హైదరాబాద్ చుట్టూ బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ ఉన్నాయి కాబట్టి మా ఇంటి పక్కనేగా అని ఊరికే లేపొద్దు. అనంతగిరి అడవిలోకి పోతే అటవీ శాఖ పర్మిషన్ వేరే, గండికోట లాంటి కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్ఐ) కోటల దగ్గర ఇంకా వేరే.

రోడ్డు వెతకడమే అసలు పని

ఇక్కడ టైమ్ పెట్టండి, మిగతాదంతా డ్రోన్ చూసుకుంటుంది. డ్రోన్‌కి మీరు తెలుసు, రోడ్డు తెలీదు. మీ వీపు మీదే దాని కన్ను, వంద మీటర్ల ముందు ఏముందో దానికి అనవసరం.

చేవెళ్ల రోడ్డు మర్రిచెట్లంటే నాకు ప్రాణం, కానీ డ్రోన్‌కి అదే పెద్ద గండం. పైనుంచి చూస్తే ఆకులే, మనిషి కనపడడు, కిందికి దింపితే ఊడలు, పక్కన బస్సులు లారీలు. అవుటర్ రింగ్ రోడ్డు పక్కనున్న 23 కి.మీ. సోలార్ సైకిల్ ట్రాక్ ఇంకో రకం, నీడకి అద్భుతం, డ్రోన్‌కి మాత్రం పైనంతా ప్యానెళ్ళే కనిపిస్తాయి. ఇలాంటి చోట్లకి సంచిలోంచి తియ్యను కూడా తియ్యొద్దు.

కావాల్సింది మెయిన్ రోడ్డు దిగి లోపలికి పోయే ఊరి రోడ్డు, రెండు పక్కలా చేలు, ట్రాఫిక్ లేనిది, ఒక మలుపు ఉంటే ఇంకా మంచిది. అలాంటిది దొరికాక డ్రోన్ లేకుండా ఒకసారి మెల్లగా తొక్కుతూ పైకి చూస్తూ పొండి. కరెంటు తీగలు ఎక్కడ రోడ్డు దాటుతున్నాయో, ఏ బోరు మోటారుకి సర్వీస్ వైరు కిందికి వేలాడుతుందో అన్నీ గుర్తుపెట్టుకోండి. సెన్సర్లున్న డ్రోన్లు కూడా సన్నటి తీగనీ ఎండిపోయిన తుమ్మ కొమ్మనీ సరిగ్గా చూడలేవు. నాది తగిలింది అలాగే, దానికి ముందు వెనక కింద సెన్సర్లున్నాయి, పక్కలకి లేవు, నేనేమో స్టయిలుగా ఉంటుందని పక్క నుంచి తీసే మోడ్ పెట్టా, రోడ్డు పక్కన తీగ రోడ్డుతో పాటే వస్తోంది కదా అని ధీమాగా ఉన్నా, ఒక స్తంభం దగ్గర ఆ తీగ ఇటువైపుకి దాటింది, అంతే, టక్ మని శబ్దం, పొలంలోకి. మొక్కజొన్న చేలో నలభై నిమిషాలు వెతికాం, రైతు వచ్చి ఏం పోయింది బాబూ అనడిగితే ఏం చెప్పాలో తెలీలేదు.

చెరువు గట్టు మీద అందంగా వస్తుంది గానీ నీళ్ళ మీద తక్కువ ఎత్తులో పోనివ్వొద్దు, కింద సెన్సర్ నీళ్ళని చూసి తికమక పడుతుంది. తీతువు పిట్టలు గుడ్లు పెట్టిన చోట, గద్దలు తిరిగే చోట లేపొద్దు, గద్ద వచ్చి తన్నిందంటే గెలిచేది గద్దే. సంక్రాంతి వారం రోజులు ఊళ్ళ దగ్గర అసలు వద్దు, మాంజా కంటికి కనపడదు.

రైడ్ మొత్తం తియ్యాలనుకోవద్దు

కొత్తవాళ్ళందరూ చేసే తప్పిది. ఇంటి దగ్గర లేపి యాభై కిలోమీటర్లు వెంట తిప్పుకుందాం అనుకుంటారు. డబ్బా మీద 18 నిమిషాలని రాసున్న బ్యాటరీ గాల్లో పన్నెండు పదమూడు ఇస్తే గొప్ప. ఇంకో ముఖ్యమైన సంగతి, చాలా డ్రోన్లు బ్యాటరీ అయిపోతుంటే ఎక్కడ లేచాయో అక్కడికి పోతాయి, మీ దగ్గరికి కాదు. మీరు రెండు కిలోమీటర్లు ముందుకి తొక్కేసి ఉంటారు, అదేమో వెనక్కి పోయి ఎవరి కళ్ళంలోనో దిగుతుంది.

అందుకని ఆరేడు వందల మీటర్ల ముక్క ఒకటి ఎంచుకోండి. దాని మధ్యలో నిలబడి లేపండి, అటూ ఇటూ నాలుగుసార్లు తొక్కండి, ఒకసారి వెనక నుంచి, ఒకసారి ముందు నుంచి, ఒకసారి ఎత్తు నుంచి. బోర్ కొట్టే పనే, కాదనను. కానీ దిగాల్సిన చోటు దగ్గర్లోనే ఉంటుంది, తీగలు మీకు తెలిసినవే, డ్రోన్ కూడా కంటికి ఆనుతుంది. రిమోట్ ఒక ఫ్రెండ్ చేతిలో పెట్టి మధ్యలో నిలబెడితే సగం భయం పోతుంది, సైకిల్ తొక్కుతూ ఫోన్ చూసుకునే పని ఉండదు. ఒరేయ్ తీగ అని అరవడానికైనా ఒకడుండాలి.

లేపే ముందు

రిటర్న్ హోమ్ ఎత్తు, అంటే డ్రోన్ లేచిన చోటుకి తనంతట తనే తిరిగొచ్చేటప్పుడు ఎగిరే ఎత్తు, చుట్టుపక్కల పెద్ద చెట్టు కంటే బాగా పైకి పెట్టండి, నేను 40 మీటర్లు పెడతా, దగ్గర్లో హైటెన్షన్ టవర్లుంటే ఆ చోటే మార్చేస్తా. తీగలు దాటే రోడ్డయితే ఫాలో ఎత్తు 15 మీటర్లకి తగ్గొద్దు, ఊరి లైన్లు ఏడెనిమిది మీటర్లలో ఉంటాయి. ట్రాకింగ్ పోతే గాల్లో ఆగిపోవాలని పెట్టండి.

టైము కూడా చూసుకోవాలి. మనం ఐదింటికే బయల్దేరతాం, ఆ చీకట్లో సెన్సర్లకి ఏం కనపడదు, మంచు ఉంటే తడి కూడా. సూర్యుడు వచ్చాక అరగంట ఆగండి. అప్పుడు కూడా ఎండకి ఎదురుగా పోయేటప్పుడు కెమెరా సెన్సర్లు రెండూ గుడ్డివవుతాయి, కాబట్టి ఎండ మన పక్కనుండేలా దిక్కు చూసుకోండి.

జెర్సీ విషయం నవ్వులాటగా ఉంటుంది గానీ నిజం. తారు రోడ్డు మీద నల్ల జెర్సీ వేసుకుంటే డ్రోన్ మనల్ని వదిలేస్తుంది, పసుపో నారింజో వెయ్యండి. మా గ్రూపులో అందరివీ ఒకటే రంగు, ఒకరోజు మలుపు దగ్గర నేనూ ఇంకొకాయనా దగ్గరగా వచ్చి విడిపోయాం, ఆయన మా గ్రూపే కాదు, అదే రంగు చొక్కాతో ఎదురొచ్చిన మనిషి, డ్రోన్ ఎంచక్కా ఆయన వెనకాల పోయింది. వీడియోలో ఆయన తొక్కుడు నాకంటే బాగుంది.

తొక్కేటప్పుడు

డ్రోన్ మిమ్మల్ని గుర్తుపట్టి లాక్ అయ్యాక మొదటి యాభై మీటర్లు మెల్లగా, ఫ్రేములో మీ చుట్టూ గీత కుదిరిందని ఫ్రెండు చెప్పాక స్పీడు పెంచండి. సడన్ బ్రేకులొద్దు, వెనక తక్కువ ఎత్తులో వస్తుంటే అది మీ మీదకే వస్తుంది. చెట్టు కిందకి దూరాల్సొస్తే ముందే స్పీడు తగ్గించండి, అవతల బయటికొచ్చాక మళ్ళీ పట్టుకునే అవకాశం ఎక్కువ. వెనక్కి తిరిగి చూడొద్దు, వీడియోలో ప్రతిసారీ తెలిసిపోతుంది, పైగా గుంట కనపడదు.

నాట్లేస్తున్న ఆడవాళ్ళుంటే, ఇళ్ళుంటే అటు కెమెరా పోనివ్వొద్దు, పోతే ముందే ఆగి ఒక మాట అడగండి. పిల్లలు మాత్రం ఎలాగూ పరిగెత్తుకొస్తారు, వాళ్ళు దూరంగా ఉంటేనే దింపండి, రెక్కలు వేళ్ళు కోసేస్తాయి.

దింపడానికి మట్టి కంటే కల్వర్టు గోడ నయం, దుమ్ము మోటార్లలోకి పోదు. బ్యాటరీ 30 శాతం ఉన్నప్పుడే దింపెయ్యండి, ఎదురుగాలిలో తిరిగి రావడానికి వచ్చినదానికంటే ఎక్కువ ఖర్చవుతుంది.

ఇంటికొచ్చాక ఇరవై నిమిషాల ఫుటేజీలో నలభై సెకన్లు ఉంచి మిగతాది తీసెయ్యండి. చాలా డ్రోన్లు సౌండు రికార్డు చెయ్యవు కాబట్టి దాని కోసం ఒక ఫోన్ సీటు కింద సంచిలో ఆన్ చేసి పెట్టుకుంటా నేను, చెయిన్ చప్పుడూ టైరు కింద కంకర నలిగే చప్పుడూ అందులోంచే వస్తాయి.