హోటల్ ఇంగ్లీష్ చెప్పేవాళ్ళకు: బాణం గుర్తు దగ్గర పాఠం మొదలుపెట్టండి

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు వైపు నుంచి గల్ఫ్ హోటళ్ళకో, హైదరాబాద్ స్టార్ హోటళ్ళకో పోదామనుకునే పిల్లలకు ఇంగ్లీష్ చెప్పేవాళ్ళ కోసం రాస్తున్నాను. టెన్సులతో మొదలుపెట్టకండి. పదో తరగతి దాకా అవే చదివొచ్చారు, అయినా నోరు పెగలట్లేదు. గెస్ట్ ఏం అడుగుతాడు, మనవాడు ఏం చెప్పాలి, పాఠం అక్కడ మొదలవ్వాలి.

క్లాసులో ఒక టేబుల్ వేసి దాన్నే రిసెప్షన్ అనుకోండి. ఒకరు గెస్ట్, ఒకరు స్టాఫ్, కాసేపయ్యాక మారాలి. "గుడ్ ఈవినింగ్ సార్, మే ఐ సీ యువర్ పాస్‌పోర్ట్, ప్లీజ్?" అనేది ఆలోచించకుండా నోట్లోంచి రావాలి. "వాట్ యు వాంట్?" అంటే వినేవాడికి కసిరినట్టు ఉంటుంది, "హౌ మే ఐ హెల్ప్ యు?" అలవాటు చేయండి. రూమ్ నంబర్ల దగ్గర థర్టీన్, థర్టీ కలిసిపోయి సామాను వేరే గదికి పోతుంది కాబట్టి 313ని "త్రీ వన్ త్రీ" అని అంకె అంకెగా పలికించండి, ఒకరిని బయట నిలబెట్టి ఫోన్‌లో చెప్పించండి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లల్లో కొందరు స్పూన్‌ని ఇస్పూన్ అంటారు. వాళ్ళతో ముందు "స్స్స్" అని సాగదీయించి, ఆ తర్వాత "పూన్" కలపమనండి, నాలుగు రోజుల్లో పోతుంది.

ఏసీ పనిచేయట్లేదని గెస్ట్ కోపంగా ఉన్నప్పుడు "నో ప్రాబ్లమ్ సార్" అనొద్దని గట్టిగా చెప్పండి. ప్రాబ్లమ్ ఉందనే కదా ఆయన వచ్చింది. ముందు సారీ చెప్పాలి, ఆ తర్వాత ఎవరిని ఎప్పటిలోగా పంపుతారో చెప్పాలి.

అసలు చిక్కు ఎక్కడంటే, ఒక్క వాక్యం దాటి మాట్లాడాల్సి వచ్చినప్పుడు. "మై హాబీ" మీద మాట్లాడమంటే ఎవరికీ చెప్పడానికేం ఉండదు. అందుకే నేను నమాజ్ టైమ్, రంజాన్ నెల, ఖిబ్లా (నమాజ్‌లో ముస్లింలు తిరిగే మక్కా దిక్కు), వీటి మీద మాట్లాడిస్తాను. గల్ఫ్‌లో చాలా హోటల్ గదుల్లో సీలింగ్ మీదో, సొరుగులోనో ఒక బాణం గుర్తు ఉంటుంది. యూరప్ నుంచి వచ్చిన గెస్ట్ ఇదేంటని అడగొచ్చు. "దిస్ యారో షోస్ ద డైరెక్షన్ ఆఫ్ మక్కా. ముస్లిమ్స్ ఫేస్ దిస్ వే వెన్ దే ప్రే." ఇది హిందూ పిల్లలకీ రావాలి, అదే గది వాళ్ళూ సర్దుతారు కదా.

దాన్ని ఇంకా సాగదీయొచ్చు. నల్గొండ నుంచి ఖిబ్లా అంటే పడమర, కానీ దాదాపు 13 డిగ్రీలు ఉత్తరానికి వంగి. దుబాయ్ నుంచి కూడా పడమరే, కాకపోతే దాదాపు 12 డిగ్రీలు దక్షిణానికి. గ్లోబు మీద దారం లాగి చూపించండి. ఈ దిక్కు లెక్క మీదే 11వ శతాబ్దంలో, ఇప్పటి అఫ్ఘానిస్తాన్‌లోని గజ్నీలో కూర్చుని అల్ బిరూనీ అనే పండితుడు పనిచేశాడు. ఏటా మే 28, జులై 16 ప్రాంతాల్లో సూర్యుడు మక్కాలోని కాబాకి సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు, అప్పుడు మన టైమ్ మేలో మధ్యాహ్నం 2:48, జులైలో 2:57. ఆ నిమిషానికి సూర్యుడి వైపు తిరిగితే ఖిబ్లా వైపు తిరిగినట్టే. పిల్లల్ని డాబా మీదికి తీసుకెళ్ళి కర్ర నిటారుగా పెట్టి, నీడ కొస నుంచి కర్ర మొదలు దాకా సుద్దతో గీత గీయించండి. ఆ గీతే ఖిబ్లా. ప్రతి ఒక్కరూ జరిగింది ఇంగ్లీష్‌లో చెప్పాలి. జులైలో మబ్బులుంటాయి, మేలోనే నయం, కాకపోతే నల్గొండ ఎండ కాబట్టి పది నిమిషాల్లో కిందికి దించండి.

రంజాన్ ఏటా ముందుకు ఎందుకు జరుగుతుందనేది ఇంకో మంచి ప్రశ్న. చంద్రుడి 12 నెలలు కలిపితే 354 రోజులో 355 రోజులో, అందుకే 10, 11 రోజులు ముందుకొస్తుంది. ఇది నాలుగు వాక్యాల్లో చెప్పగలిగినవాడికి ఇంటర్వ్యూలో టెన్షన్ ఉండదు.

ఇక్కడ ఒక మాట. సైన్స్ చెప్పిన ప్రతిదీ ముందే ఖురాన్‌లో ఉందని నిరూపించే పని క్లాసులో పెట్టుకోకండి. సైన్స్ సిద్ధాంతాలు మారుతుంటాయి, విశ్వాసాన్ని వాటికి కట్టేస్తే అవి మారినప్పుడల్లా పిల్లాడు కంగారుపడతాడు. నమాజ్ ఎందుకు చదువుతామంటే అది అల్లాహ్ ఆజ్ఞ. ఏ టైమ్‌కి, ఎటు తిరిగి అంటే సూర్యుణ్ణి, భూమిని లెక్కగట్టి తెలుసుకుంటాం. "వి ప్రే బికాజ్ ఆఫ్ అవర్ ఫెయిత్. వి ఫైండ్ ద టైమ్ బై ద సన్." ఈ రెండు వాక్యాలు పక్కపక్కనే హాయిగా ఉంటాయి. మతం సంగతుల్లో మీకు అనుమానం వస్తే మసీదులో ఇమామ్ సాబ్‌ని అడిగి రండి.

"ఈజ్ దిస్ హలాల్?" అని గెస్ట్ అడిగితే అంచనాగా యెస్ అనకూడదు. "లెట్ మి చెక్ విత్ ద కిచెన్, సార్" అని లోపలికెళ్ళి అడిగి రావాలి. మందు, పంది మాంసం వడ్డించడం ఇష్టం లేని పిల్లలు చాలామంది ఉంటారు, చేరిన తర్వాత గొడవపడకుండా ఆ సంగతి ఇంటర్వ్యూలోనే మర్యాదగా చెప్పించండి: "ఐ వుడ్ ప్రిఫర్ హౌస్‌కీపింగ్ ఆర్ బేకరీ, సార్. ఫర్ రిలీజియస్ రీజన్స్ ఐ డు నాట్ సర్వ్ ఆల్కహాల్." తల దించుకోకుండా, ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ ఆ మాట అనేదాకా మళ్ళీ మళ్ళీ చెప్పించండి.