సౌర జ్వాలల గురించి చదవాలంటే పరికరం పేరుతో వెతకండి

2024 మే నెల, వేసవి సెలవులు. మా బడి అమ్మాయి ఒకతె ఫోను చేసింది. “మాస్టారూ, సూర్యుడి నుంచి తుఫాను వస్తోందట. ఫోన్లు కాలిపోతాయా?” ఏదో వీడియో చూసి బెదిరిపోయింది. అప్పటి నుంచి భౌతికశాస్త్రం మీద ఇష్టమున్న పిల్లలందరికీ ఒకే మాట చెబుతున్నాను: ‘సౌర జ్వాల’ (సూర్యుడి మీద ఒక్కసారిగా జరిగే శక్తి విస్ఫోటనం) అని వెతక్కండి, దాన్ని కొలిచే పరికరం పేరుతో వెతకండి. కొలిచినవాళ్ల దగ్గరికే నేరుగా వెళతారు.

ముందుగా ‘గోస్ ఎక్స్-రే ఫ్లక్స్’ (GOES X-ray flux) అని ఇంగ్లీషులో టైపు చేయండి. అమెరికా వాతావరణ సంస్థ నోవా వారి గోస్ ఉపగ్రహం కొలిచిన సూర్యుడి ఎక్స్-రేల గ్రాఫు వస్తుంది. గీత నిట్టనిలువుగా లేచి మెల్లగా దిగిందంటే జ్వాల వచ్చినట్టు. పక్కన ఏ, బీ, సీ, ఎం, ఎక్స్ అని ఉంటాయి. మెట్టు మెట్టుకూ తీవ్రత పదింతలు. సమయం యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది కాబట్టి ఐదున్నర గంటలు కలపండి. మనకు పగలైన వేళ పెద్ద జ్వాల వస్తే మన వైపు షార్ట్‌వేవ్ రేడియో దెబ్బతింటుంది. అదే తేదీ, అదే సమయం హీలియోవ్యూయర్ సైట్లో ఇస్తే సూర్యుడి మీద అది ఎక్కడ పుట్టిందో కళ్లారా చూడవచ్చు.

డిగ్రీ విద్యార్థులైతే ఇస్రో ‘ప్రదాన్’ పోర్టల్లో నమోదు చేసుకోండి. 2023 సెప్టెంబరు 2న మన శ్రీహరికోట నుంచి వెళ్లిన, సూర్యుణ్ని పరిశీలించే వ్యోమనౌక ఆదిత్య-ఎల్1 కొలతలు అక్కడ ఉంటాయి. జ్వాలలకు సోలెక్స్, హీలియోస్ పరికరాలవి తీసుకోండి.

సూర్యుడి తుఫాను ప్రభావం విశ్వ కిరణాల్లోనూ (అంతరిక్షం నుంచి మహా వేగంతో వచ్చే కణాల్లోనూ) కనబడుతుంది. వాటికి నాకెంతో ఇష్టమైన చోటు న్యూట్రాన్ మానిటర్ డేటాబేస్ అనే సైటు. విశ్వ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టి నేలదాకా వచ్చే న్యూట్రాన్లను ఆ కేంద్రాలు లెక్కిస్తాయి. ఫిన్లాండ్‌లోని ఊలు కేంద్రాన్ని ఎంచుకుని, 2024 మే 8 నుంచి 14 వరకు గ్రాఫు గీయించండి. పదో తేదీన గీత ఒక్కసారిగా పడిపోతుంది. సూర్యుడు విసిరిన అయస్కాంత మేఘం భూమిని కమ్మి, విశ్వ కిరణాలను పక్కకు నెట్టింది. దీన్ని ఫోర్‌బుష్ తగ్గుదల అంటారు. ఇది చూపించాక ఆ అమ్మాయి ఫోన్ల సంగతి మరిచి, “మళ్లీ పైకి రావడానికి ఎన్ని రోజులు పట్టింది?” అని అడిగింది.

ఆ ప్రశ్న దాకా వచ్చినవారు ఊటీలోని గ్రేప్స్-3 పేరుతో పరిశోధన పత్రాల సైటు ఆర్కైవ్‌లో వెతకండి. విశ్వ కిరణాలు గాలిలో పుట్టించే మ్యూయాన్ కణాలను లెక్కించే 560 చదరపు మీటర్ల టెలిస్కోపు అది. పరిశోధన పత్రాలు ఉచితం. సమీకరణాలకు జంకకండి. ముందు బొమ్మలు, వాటి కింది వివరణలు చదవండి.